పూడికమట్టి తోలే ముందు చెరువులో ఆల్చిప్పలను చూడండి

ఎండాకాలం చెరువులు అడుగంటగానే హుస్నాబాద్, కోహెడ, అక్కన్నపేట మండలాల్లో పూడికమట్టికి ట్రాక్టర్లు కదులుతాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి ఈ మట్టికి గిరాకీ ఇంకా పెరిగింది. ఎర్ర చెల్కల్లో ఇది తేమను నిలుపుతుంది, మేలు చేస్తుంది. అయితే ఊరి మురుగు కలిసే చెరువు మట్టిని మాత్రం పరీక్ష చేయించకుండా తోలవద్దు.

మురుగులో, పాత బ్యాటరీల చెత్తలో వచ్చే సీసం, కాడ్మియం వంటి లోహాలు సన్నని బంకమట్టికి అంటుకొని అడుగుకు చేరతాయి. పైన నీరు తేటగా ఉన్నా అడుగు మట్టి చెడి ఉండవచ్చు. గాలి తగలని బురదలో ఇవి చాలావరకు గంధకంతో కలిసి కదలకుండా ఉంటాయి. తవ్వి ఎండబెడితే కొంత విడుదలై వేర్లకు అందుతుంది. కాడ్మియం వడ్లలోకి, ఆకుకూరల్లోకి తేలిగ్గా చేరుతుంది, పైరు మాత్రం పచ్చగానే కనిపిస్తుంది. ఫ్యాక్టరీల వ్యర్థాలతో పటాన్‌చెరు నక్కవాగు వెంట పొలాలు దెబ్బతిని, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన దగ్గర అంత ముప్పు లేకపోయినా జాగ్రత్త అవసరం.

ఆల్చిప్ప బురదలో సగం కూరుకొని ఏళ్ల తరబడి దాదాపు ఒకేచోట బతుకుతుంది. చేపలా పారిపోలేదు. అందుకే అమెరికాలో శాస్త్రవేత్తలు పిల్ల ఆల్చిప్పలను అనుమానం ఉన్న మట్టిలో కొన్ని, శుభ్రమైన మట్టిలో కొన్ని 28 రోజులు ఉంచి, ఎన్ని బతికాయి, ఎంత పెరిగాయి అని పోలుస్తారు. పెద్దవి తట్టుకునే విషానికి పిల్లలు చావవచ్చు.

మీరూ చెరువులో పెద్ద చిప్పలతోపాటు గోరంత పిల్లలు ఉన్నాయేమో వెతకండి. తూము, మత్తడి దగ్గర ఉండి, మురుగు కాలువ కలిసే మూలలో లేకపోతే అనుమానించాలి. ఇది సూచన మాత్రమే. చెరువు పూర్తిగా ఎండినా అవి చనిపోతాయి. బతికి ఉన్నాయని మట్టి మంచిదనీ అనుకోవద్దు, లోహాలను ఒంట్లో పోగేసుకొని కూడా బతుకుతాయి. కాబట్టి ఆ మూలలో ఏరినవి వండుకోవద్దు, కోళ్లకు వేయవద్దు.

నమూనాను కాలువ మూల నుంచి ఒకటి, చెరువు నడుమ నుంచి ఒకటి విడిగా తీయండి. ఒక్కోదానికి ఎనిమిది, పది చోట్ల మట్టి తీసి కలిపి, నీడలో ఆరబెట్టి అర కిలో పంపితే చాలు. ఇనుప పార బదులు కర్ర లేదా ప్లాస్టిక్ వాడండి. మామూలు భూసార పరీక్షలో సీసం, కాడ్మియం చూడరు. భార లోహాల పరీక్ష కావాలని, ఎక్కడ చేస్తారో చెప్పమని మండల వ్యవసాయ అధికారిని విడిగా అడగండి.

ఇప్పటికే ఆ మూల మట్టి తోలి ఉంటే, ఫలితం వచ్చేదాకా ఆ మడిలో ఆకుకూరలు వేయకండి.