సున్నా వోల్టుల దగ్గర కప్ప చర్మం

బీఫార్మసీ క్లాసులో ఒకమ్మాయి అడిగింది: "మందు పేగులోంచి దానంతటదే ఇంకిందో, పేగే పనిగట్టుకుని లాక్కుందో ఎలా చెప్తారు సార్?" పాఠ్యపుస్తకంలో దీనికి జవాబుగా ఒక పెట్టె బొమ్మ, కింద 'ఉస్సింగ్ చాంబర్' అన్న పేరు ఉంటాయి. అసలు తెలివంతా పెట్టెలో కాదు, దాని తీగల్లో ఉంది.

పెట్టె గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు గదులు, మధ్యలో కిటికీ, దానికి బిగించిన చర్మం ముక్క. కోపెన్‌హాగన్‌లో హాన్స్ ఉస్సింగ్ వాడింది కప్ప చర్మం. ఉప్పు నామమాత్రంగా ఉండే నీళ్లలోంచి కూడా కప్ప చర్మంతో ఉప్పు పీల్చుకుంటుందని ఆయన గురువు ఆగస్ట్ క్రోగ్ అప్పటికే చూపించాడు. కోసి తీసిన చర్మానికి కూడా లోపలివైపు ధనం, బయటివైపు రుణం ఉంటుందన్నది అంతకంటే పాత సంగతి. మరి సోడియాన్ని లోపలికి తోస్తున్నదేది? గాఢతలో తేడానా, వోల్టేజా, కణాల్లోని పంపా?

1951లో ఉస్సింగ్, కార్ల్ జెరాన్ ఆ అనుమానితుల్ని ఒక్కొక్కరినే తప్పించారు. రెండు గదుల్లోనూ రింగర్ అనే ఒకే ఉప్పు ద్రావణం పోశారు. గాఢత తేడా పోయింది. ఇక వోల్టేజి. చర్మం రెండు వైపులనూ తీగతో కలిపి షార్ట్ చేస్తే సరిపోదా? సరిపోదు. ద్రావణానికీ నిరోధం ఉంటుంది, దానివల్ల కొంత వోల్టేజి మిగిలిపోతుంది. అందుకే మధ్యలో బ్యాటరీ పెట్టి, వోల్టేజి సరిగ్గా సున్నా అయ్యేదాకా కరెంటును సర్దారు. వోల్టేజి కొలిచే తీగల జంట చర్మానికి ఆనుకుని ఉంటుంది, కరెంటు మోసే జంట దూరంగా ఉంటుంది. ఈ రెండు జంటల్నీ విడదీయడమే నాకు అన్నిటికంటే నచ్చిన పని. కరెంటు మోసే తీగలతోనే వోల్టేజి కొలిస్తే మీటరు అబద్ధం చెబుతుంది.

మట్టం సమానంగా ఉన్న రెండు తొట్ల మధ్య నీళ్లు పారుతున్నాయంటే ఎక్కడో మోటారు నడుస్తున్నట్టే. ఇక్కడ ఆ మోటారు ఎంత తోడుతోందో అమ్మీటరే చెబుతుంది. ఒక మోల్ సోడియం దాటితే 96,485 కూలుంబులు. రేడియోధార్మిక సోడియంతో లోపలికి పోయిందెంతో, బయటికొచ్చిందెంతో విడిగా కొలిచి తీసివేస్తే, వచ్చిన తేడా కరెంటు లెక్కతో సరిపోయింది. అంటే ఆ కరెంటు దాదాపు మొత్తం సోడియానిదే.

తర్వాతి కథ గబగబా నడిచింది. 1957లో యెన్స్ స్కౌ ఆ పంపు ఎంజైమును పట్టుకున్నాడు. 1964లో షుల్ట్జ్, జలుస్కీ కుందేలు పేగును బిగించి గ్లూకోజు కలిపితే కరెంటు పెరిగింది, అంటే గ్లూకోజు వెంట సోడియమూ ఎక్కువగా లోపలికి పోయింది. ఓఆర్ఎస్ ప్యాకెట్లో ఉప్పు పక్కన గ్లూకోజు ఎందుకుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మందుల పరిశోధన పేగు ముక్కల్నీ, ఫిల్టరు మీద మూడు వారాలు పెంచిన కాకో-2 అనే పేగు కణాల పొరనీ వాడుకుంది. చాలా మందుల అణువులు దాటినా అమ్మీటరు కదలదు. అవతలి గదిలోంచి నమూనా తీసి కొలవాల్సిందే. అలాగని పేగు ముక్క విషయంలో అమ్మీటరు పని పోలేదు. కరెంటు పడిపోయిందంటే ముక్క చచ్చిపోతోందని, ఫలితం నమ్మొద్దని అర్థం. ఒకప్పుడు జవాబుగా నిలిచిన కొలత ఇప్పుడు నాడి చూసే పనికి మారింది.

ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు రావాలంటే ప్రయోగాన్ని రెండు దిక్కులా చేయాలి: వేగాలు సమానమైతే మందు దానంతటదే ఇంకినట్టు, తేడా ఉంటే పంపు పనిచేస్తున్నట్టు. గుండె మందు డైగాక్సిన్ రక్తం వైపు నుంచి పేగు వైపుకే ఎక్కువగా దాటుతుంది. లోపలికొచ్చిన అణువుల్ని పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు వెనక్కి తోసేస్తుంది. ఆ పంపును ఆపే క్వినిడిన్ కలిపితే రెండు దిక్కుల వేగాలూ దగ్గరవుతాయి. ఈ రెండు మందులూ కలిపి వాడాల్సి వస్తే డాక్టర్లు డైగాక్సిన్ మోతాదు తగ్గిస్తారు.