లిస్ట్ సానపట్టిన గంట: వైమార్

జర్మనీలో ఇల్మ్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం వైమార్. గోథే, షిల్లర్ బతికిన ఊరుగా దీనికి పేరు. పియానో వాయించేవాళ్లు మాత్రం వైమార్ అనగానే ఫ్రాంజ్ లిస్ట్‌ను తలుచుకుంటారు. చెయ్యి తిరిగిన విద్వాంసులకూ చెమటలు పట్టించే 'లా కాంపనెల్లా' (చిరుగంట) తుది రూపం దిద్దుకున్నది ఆయన ఇక్కడ ఉన్న రోజుల్లోనే.

ఇది ఎట్యూడ్, అంటే వేళ్ల సాధన కోసం పుట్టిన రచన. మనకు సరళీ వరసలెలాగో పాశ్చాత్యులకు ఎట్యూడ్‌లు అలాగ. వాటిని కచేరీ వేదిక ఎక్కించింది షోపాన్, లిస్ట్‌ల తరం. 1832లో పారిస్‌లో పగనీని వయొలిన్ విన్న ఇరవయ్యేళ్ల లిస్ట్, పియానో మీద అంతటి పనితనం సాధించాలని పట్టుబట్టాడు. పగనీని రెండో కన్చెర్టో చివరి భాగంలోని బాణీని 1838లో ఈ ఎట్యూడ్‌గా మలిచాడు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఐరోపా అంతా తిరుగుడే. 1847లో, 35 ఏళ్లకే, డబ్బు తీసుకుని కచేరీలు చేయడం మానేశాడు. మరుసటి ఏడాది వైమార్ ఆస్థాన సంగీత దర్శకుడిగా స్థిరపడ్డాడు. నదికి ఆవలి గట్టున ఆల్టెన్‌బర్గ్ భవనంలో మకాం. ప్రయాణాలు తగ్గాక పాత రచనలను తిరగేసి, కిక్కిరిసిన స్వరాలను ఏరివేశాడు. పగనీని బాణీలతో అల్లిన ఎట్యూడ్‌లు ఆరూ 1851లో కొత్త రూపంలో అచ్చయ్యాయి. వాటిలో మూడోది లా కాంపనెల్లా. ఆ సంపుటి క్లారా షూమాన్‌కు అంకితం.

ఏరివేశాడంటే సులువు చేశాడని కాదు. కుడిచెయ్యి కింద బాణీని నడుపుతూనే, పైన చిరుగంటలా ఒకే స్వరాన్ని మళ్లీ మళ్లీ మోగించాలి. కొన్నిచోట్ల రెండు ఆక్టేవ్‌ల (స్థాయిల) దూరం రెప్పపాటులో దూకాలి. బలహీనమైన ఉంగరపు వేలు, చిటికెన వేలితో కంపితాలు పలికించాలి. మెట్టు పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ మోగేలా 1821లో ఎరార్డ్ కనిపెట్టిన యంత్రాంగమే లేకపోతే, ఒకే స్వరాన్ని అంత వడిగా పలికించడం గగనమే. ఇంత చేసినా మోత పెరగకూడదు, శ్రమ వినిపించకూడదు. అసలు పరీక్ష అదే.

మధ్యలో వైమార్ విడిచి వెళ్లినా, 1869 నుంచి 1886లో కన్నుమూసేదాకా లిస్ట్ ఏటా కొన్ని నెలలు ఇక్కడే, పార్కు అంచున ఉన్న పూర్వపు ఆస్థాన తోటమాలి ఇంట్లో ఉండేవాడు. దేశదేశాల నుంచి వచ్చిన శిష్యులకు రుసుం తీసుకోకుండా పాఠాలు చెప్పాడు. ఎమిల్ సావర్, అలెగ్జాండర్ సిలోటీ అలా తయారైనవాళ్లే. ఆయన పోయిన మరుసటి ఏడాదే ఆ ఇల్లు స్మారక మందిరమైంది. ఊళ్లోని సంగీత విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే.

ఎర్ఫర్ట్ నగరం నుంచి రైలెక్కితే వైమార్‌కు పావుగంట ప్రయాణం. అటు వెళ్లే తెలుగువాళ్లు గోథే ఇంటితో సరిపెట్టుకోకుండా లిస్ట్ ఇల్లూ చూడండి. అయిదు నిమిషాల లా కాంపనెల్లాను ముందే ఒకసారి విని వెళ్లండి.