డిస్కు నిండుతోంది... జాగ్రత్త!

2023 ఆగస్టు 29. జపాన్‌లో టయోటాకున్న 14 కార్ల కర్మాగారాలూ ఆగిపోయాయి. భూకంపం రాలేదు. తుపాను లేదు. ఎవరూ సమ్మె చేయలేదు. అంతకుముందు ఏడాది మార్చిలో, విడిభాగాలిచ్చే ఓ సంస్థ కంప్యూటర్లపై సైబర్‌ దాడి జరగడంతో టయోటా ఒకరోజు ఉత్పత్తి ఆపేయాల్సి వచ్చింది. దాంతో ఇదీ హ్యాకర్ల పనేమోనన్న అనుమానం తలెత్తింది. వారం తర్వాత కంపెనీయే అసలు సంగతి చెప్పింది. సర్వర్ల డిస్కులో చోటు చాల్లేదు... అంతే!

టయోటా పద్ధతిలో విడిభాగాలను గోదాముల్లో గుట్టలుగా పోసుకోరు. ఏ పూటకు కావాల్సినవి ఆ పూటకే తెప్పించుకుంటారు. ఆ ఆర్డర్లు చూసే సర్వర్లు మొరాయిస్తే ఇక లైను కదలదు. ఆగస్టు 27న నిర్వహణ పనుల్లో భాగంగా డేటాబేస్‌లో పేరుకున్న సమాచారాన్ని తొలగించి సర్దుతుండగా జాగా సరిపోక లోపం తలెత్తింది. సర్దుతుంటే చోటు మిగలాలి గానీ అయిపోవడమేంటి? బీరువా సర్దేవాళ్లను అడగండి... ముందు బట్టలన్నీ మంచమ్మీద పరచాలిగా! డేటాబేస్‌లూ సాధారణంగా అంతే. ఏం చెరుపుతున్నాయో ముందు ఓచోట రాసిపెట్టుకుంటాయి. ఆ రాతకూ జాగా కావాలి.

ఇలాంటి ఆపద కోసమే ఉంచిన ప్రత్యామ్నాయ ఏర్పాటు కూడా అదే వ్యవస్థలో నడుస్తుండటంతో దానికీ అదే గతి పట్టింది. 29న సమాచారాన్ని మరింత పెద్ద సర్వర్‌లోకి మార్చాక, మర్నాడు పని మొదలైంది. లైనులో చిన్న లోపం కనిపించినా కార్మికుడు తాడు లాగి అందర్నీ అప్రమత్తం చేసే ‘ఆండాన్‌’ పద్ధతికి పేరుపడ్డ కంపెనీలో ఇలా జరగడం విచిత్రమే.

పది లైన్ల అలారం

డాబా మీది నీళ్ల ట్యాంకు నిండగానే మోగే అలారం చాలా ఇళ్లలో ఉంటుంది. డిస్కుకీ అలాంటిది పెట్టడానికి ఖరీదైన సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. యూనిక్స్‌, లినక్స్‌ కంప్యూటర్లలో అయితే ఓ షెల్‌ స్క్రిప్టు చాలు. కీబోర్డు మీద ఒక్కొక్కటిగా టైప్‌ చేసే ఆదేశాలనే వరసగా ఫైల్లో రాసిపెడితే అదే స్క్రిప్టు. పది లైన్లకు మించదు.

అందులో అసలు పని ‘డీఎఫ్‌’ది. డిస్క్‌ ఫ్రీ అన్నమాట. 1971లో బెల్‌ ల్యాబ్స్‌లో కెన్‌ థాంప్సన్‌, డెన్నిస్‌ రిచీ తెచ్చిన యూనిక్స్‌ మొదటి మాన్యువల్లోనే ఈ కమాండ్‌ ఉంది. ఏ డిస్కు ఎంత శాతం నిండిందో పట్టిక వేసి చూపిస్తుంది. ఆ పట్టికలోంచి శాతం ఉన్న గడిని ‘ఆక్‌’ అనే మరో కమాండ్‌ ఏరుకుంటుంది. (ఆహో, వైన్‌బర్గర్‌, కెర్నిగన్‌... దాన్ని రాసిన ముగ్గురి ఇంటిపేర్ల మొదటి ఇంగ్లిష్‌ అక్షరాలు కలిపితే వచ్చిన పేరిది.) దొరికిన ‘87%’లోంచి శాతం గుర్తును తీసేయాలి. లేకపోతే పోల్చేటప్పుడు కంప్యూటర్‌ దాన్ని అంకెగా ఒప్పుకోదు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఆ తర్వాత ఒకటే ప్రశ్న... ఇది 85 దాటిందా? దాటితే సర్వర్‌ చూసే మనిషికి ఈమెయిల్‌ పంపు, లేదంటే ఊరుకో. పది నిమిషాలకోసారి ఈ స్క్రిప్టును నిద్రలేపే బాధ్యత ‘క్రాన్‌’ అనే ప్రోగ్రాముది.

85 దగ్గరే ఎందుకు?

100 దాకా ఆగితే ఏమవుతుందంటే... హెచ్చరిక ఈమెయిల్‌ బయటికెళ్లే ముందు మామూలుగా కాసేపు అదే డిస్కులో వరసలో నిలబడాలి. నిండిన డిస్కులో దానికీ చోటుండదు! అలాగని 85 అనేది శిలాశాసనమేమీ కాదు. వెయ్యి గిగాబైట్ల డిస్కులో 15 శాతమంటే ఇంకా 150 గిగాబైట్లున్నట్టు. 20 గిగాబైట్ల డిస్కులో మూడే. అదుపు తప్పిన లాగ్‌ ఫైలు ఒక్క రాత్రిలో దాన్ని మింగేయగలదు. నిజానికి ఎంత నిండిందన్నదాని కన్నా ఎంత వేగంగా నిండుతోందన్నదే ముఖ్యం.

ఒక్కోసారి చోటున్నా కంప్యూటర్‌ ‘జాగా లేదు’ అంటుంది. లినక్స్‌లో ప్రతి ఫైలుకీ ‘ఐనోడ్‌’ అనే చీటీ ఉండాలి. చాలా డిస్కుల్లో ఆ చీటీలెన్నో మొదట్లోనే ఖాయమైపోతుంది. లక్షల కొద్దీ చిట్టి ఫైళ్లు పోగైతే చోటు కన్నా ముందు చీటీలు అయిపోతాయి. అంగారకుడి మీద దిగిన నాసా రోవర్‌ ‘స్పిరిట్‌’ 2004 జనవరి 21న ఉన్నట్టుండి మూగబోయింది కూడా ఫైళ్ల లెక్క మితిమీరడం వల్లే. ఫ్లాష్‌ మెమరీలోని ఫైళ్ల జాబితాను పెట్టుకోవడానికి చోటు చాలక అది పదేపదే రీబూట్‌ అవుతూ కూర్చుంది. ఫ్లాష్‌ జోలికి పోకుండా మేల్కొనమని ఇంజినీర్లు భూమ్మీంచి ఆదేశాలు పంపి, ఫిబ్రవరిలో దాన్ని ఫార్మాట్‌ చేశారు. ఆ తర్వాత స్పిరిట్‌ 2010 దాకా కబుర్లు పంపింది. అందుకే స్క్రిప్టులో డీఎఫ్‌ను రెండోసారి, ఐనోడ్ల లెక్క చెప్పమనీ అడగాలి.

ఇక, పది నిమిషాలకో ఈమెయిల్‌ అంటే రోజుకు 144. మొదటి రోజు కంగారుగా చూస్తారు, మూడో రోజుకు చూడటమే మానేస్తారు. ఒకసారి చెప్పాక, మళ్లీ తగ్గి పెరిగితే తప్ప నోరెత్తకుండా రాయడం మంచిది. ఈమెయిల్‌ చూసి హడావుడిగా పెద్ద లాగ్‌ ఫైలును చెరిపేసినా ఒక్కోసారి శాతం తగ్గదు. అందులో రాస్తున్న ప్రోగ్రాం దాన్ని వదిలితేనే జాగా ఖాళీ అవుతుంది. ఆ ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇన్ని చేశాక కూడా అలారం మోగుతుందో లేదో తెలిసేదెలా? డిస్కు నిండేదాకా ఎదురుచూడక్కర్లేదు. అనుభవమున్నవాళ్లు స్క్రిప్టులో 85ను కాసేపు 1గా మార్చి వదిలేస్తారు. పది నిమిషాల్లో ఈమెయిల్‌ వస్తే, అంకెను మళ్లీ 85 చేసి ఇంటికెళ్తారు.