వేడినీళ్లకు లొంగని విషం

చిల్కానగర్‌లో ఒక ఇంటి ముందుగదిలో గాజుతొట్టె ఉందనుకోండి. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. అయినా తొట్టెలో ఉప్పునీరు, రంగురంగుల చేపలు, ఒక రాయి ఉన్నాయి. రాయి నిండా చొక్కా గుండీల్లాంటి చిన్న జీవులు అతుక్కుని ఉన్నాయి. రాయికి నాచు పట్టింది. దాన్ని ఎలా శుభ్రం చేస్తారు? "మరిగే నీళ్లు పోస్తే సరి!" అంటారు కదూ?

ఆగండి! సరిగ్గా ఇక్కడే ప్రమాదం ఉంది.

ఈ గుండీ జీవుల పేరు జొయాంథిడ్లు. ఇవి పగడాలకు దగ్గరి చుట్టాలు. అక్వేరియం పెంచేవాళ్లు వీటినీ పగడాలనే అంటారు. వీటిలో కొన్నింటి ఒంట్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ఏ దానిలో ఉందో, ఏ దానిలో లేదో కంటితో చూసి చెప్పలేం.

హవాయి దీవుల్లో హానా అనే చోట ఒక నీటి గుంటలో "మృత్యునాచు" ఉందని పూర్వం చెప్పుకునేవారు. దాన్ని ఈటెల మొనలకు పూసేవారట. తీరా చూస్తే అది నాచు కాదు, జొయాంథిడ్! 1971లో మూర్, షూయర్ అనే శాస్త్రజ్ఞులు దాని నుంచి ఈ విషాన్ని వేరు చేశారు. గ్లూకోజు అణువులో 6 కార్బన్ పరమాణువులుంటే, దీనిలో 129 ఉన్నాయి!

ఈ విషం ఏం చేస్తుంది? మీ ఇంట్లో మోటారు సంపులోని నీటిని పై ట్యాంకుకు ఎక్కిస్తుంది కదా. మన జీవకణాల పైపొరల్లోనూ అలాంటి పంపులున్నాయి. అవి సోడియాన్ని బయటికి తోస్తాయి, పొటాషియాన్ని లోపలికి తెస్తాయి. పాలీటాక్సిన్ తగులుకుంటే పంపు కాస్తా తెరిచిన గొట్టమైపోతుంది. సోడియం లోపలికి, పొటాషియం బయటికి వాటంతటవే పారిపోతాయి. కండరాలు, చివరికి గుండె కూడా దెబ్బతింటాయి.

మరి వేడినీళ్లు? క్రిములు ప్రాణులు, మరిగిస్తే చస్తాయి. విషానికి ప్రాణం లేదు, చావడానికి! మామూలుగా మరిగిస్తే పాలీటాక్సిన్ విరగదు. పైగా ఆవిరితో లేచే సన్నని తుంపరలతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమెరికాలో ఒకాయన జొయాంథిడ్లను చంపుదామని మరిగే నీళ్లు పోసి, ఆ ఆవిరి పీల్చి ఊపిరాడక బాధపడిన సంగతి 2011లో ఒక శాస్త్ర పత్రికలో వచ్చింది. 2018లో ఇంగ్లండులోని స్టీవెన్‌టన్‌లో ఒక ఇంట్లో తొట్టె శుభ్రం చేశాక ఇంటివాళ్లే కాదు, సాయానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది కూడా ఆస్పత్రి పాలయ్యారు.

కాబట్టి అలాంటి రాయిని ఉడికించకండి, గీకకండి, ఒట్టి చేతులతో ముట్టుకోకండి. నోటితో గొట్టం పీల్చి తొట్టె నీళ్లు తోడకండి. ఆ పని పెద్దవాళ్లు చేయాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. నోట్లో చేదు, దగ్గు, ఆయాసం, చలిజ్వరం, కండరాల నొప్పి కనిపిస్తే అందరూ వెంటనే గది బయటికి రావాలి. కంట్లో పడితే మంచినీళ్లతో బాగా కడిగి, ఆస్పత్రికి వెళ్లాలి. ఈ విషానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. అందుకే డాక్టరుతో "ఇంట్లో జొయాంథిడ్లు ఉన్నాయి" అని ముందే చెప్పాలి. చాలామంది డాక్టర్లకు ఇలాంటి రోగి ఎన్నడూ ఎదురై ఉండడు. ఆ ఒక్క మాట వాళ్లకు దారి చూపుతుంది.