ఎండకు వెలవెలబోని తెర

షోరూంలో ట్యూబులైట్ల కింద ఏ ల్యాప్‌టాప్ అయినా కళకళలాడుతుంది. అదే ల్యాప్‌టాప్‌ను చెరువు గట్టున సర్వేయరో, శ్లాబు మీద సైట్ ఇంజినీరో, చేనుగట్టున వ్యవసాయాధికారో తెరిచి చూస్తే... అక్షరాలకు బదులు తమ ముఖం కనిపిస్తుంది! అరవై వేలు పోసి కొన్నది అద్దమా అని నిట్టూర్చి, నెత్తిన తువ్వాలు కప్పుకుని అందులోకి తల దూర్చి పని కానిచ్చేవాళ్లు తక్కువేం కాదు.

ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత... కొనేటప్పుడు అందరూ అడిగేది ఇదే. ‘తెర ఎన్ని నిట్స్?’ అని అడిగేవారు అరుదు. ఆరుబయట పనిచేసేవారికి ముందు కావాల్సింది ఆ లెక్కే. తెర వెలుగుకు కొలమానం నిట్. మామూలు ల్యాప్‌టాప్‌లలో అది 250 నుంచి 300 వరకూ ఉంటుంది. ఇంట్లోకి, ఆఫీసులోకి బాగానే సరిపోతుంది.

మరి ఎండలో ఏమవుతుంది? ఆఫీసు గదిలో వెలుతురు 300 నుంచి 500 లక్స్. మిట్టమధ్యాహ్నపు ఎండలో లక్ష! ఆ ఎండ పడుతున్న తెల్లగోడ దాదాపు 25 వేల నిట్స్‌తో మెరుస్తుంది. పూత లేని గాజుతెర అందులో 4 శాతం వెనక్కి కొడుతుంది. నాలుగు శాతమేగా అనుకోవద్దు. అదే వెయ్యి నిట్స్! 300 నిట్స్ అక్షరాల మీద వెయ్యి నిట్స్ గోడ నీడ పరుచుకుంటే ఇక కనిపించేదేముంది? వెనకున్నది గోడే కానక్కర్లేదు, ఒంటి మీది తెల్లచొక్కా చాలు. బయట పనికి ముదురు రంగు చొక్కా మేలన్నమాట.

అందుకే వెలుగొక్కటే చూస్తే చాలదు, తెర నునుపు కూడా చూడాలి. నిగనిగలాడే గ్లాసీ తెర సినిమాకు అందం, ఎండకు శత్రువు. మ్యాట్ తెర వెలుగును చెదరగొడుతుంది కనుక ముఖం, గోడ కనబడవు. అయితే సూర్యుడు నేరుగా పడితే అదీ పాలిపోతుంది. టచ్‌స్క్రీన్‌కు పైన మరో గాజుపొర ఉంటే మెరుపూ పెరుగుతుంది. వేలితో పని లేకపోతే అది మానేయడమే మంచిది.

వరండాలో, చెట్టునీడన పనిచేసేవారికి 400 నిట్స్ మ్యాట్ తెర కనీసం. 500 దాటితే హాయి. అంతకు మించి కావాలంటే జేబు బరువుగా ఉండాలి. 2024లో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రో ఎండలో మామూలు పనికి కూడా వెయ్యి నిట్స్ దాకా ఇస్తుంది. పానాసోనిక్ టఫ్‌బుక్ 40లో 1,200. అన్నట్టు, ప్రకటనల్లో ‘పీక్’, ‘హెచ్‌డీఆర్’ అని పక్కన రాసిన పెద్ద అంకెలను నమ్ముకోవద్దు. అవి కొన్ని వీడియోల్లో మెరిసే భాగాలకే. ఎక్సెల్ షీటుకు కాదు.

ఎండతో పోట్లాడకుండా ఎండనే వాడుకునే తెర ఒకటి 2007లోనే వచ్చింది. పేద దేశాల బడిపిల్లల కోసం చేసిన ‘ఎక్స్‌వో’ ల్యాప్‌టాప్‌కు మేరీ లూ జెప్సెన్ దాన్ని రూపొందించారు. వెనక దీపం ఆర్పేస్తే, పైనుంచి పడిన వెలుగులోనే అక్షరాలు నలుపు తెలుపుల్లో కనిపిస్తాయి. ఎండ ఎంత కాస్తే అంత స్పష్టం! ఆమె తర్వాత పెట్టిన పిక్సెల్ కీ సంస్థ తెర మన దేశపు నోషన్ ఇంక్ 2011లో తెచ్చిన ‘ఆడమ్’ ట్యాబ్లెట్‌లోనూ వచ్చింది. కానీ రంగులు వెలిసినట్టుండే తెర, షోరూంలో పక్కనున్న నిగనిగల ముందు నిలబడటం కష్టమే. పాపం, మంచి ఆలోచన మూలన పడింది.

ఎంత ఖరీదైన తెరకైనా నీడే పెద్ద దన్ను. చాలా ల్యాప్‌టాప్‌లు 35 డిగ్రీల లోపు వాతావరణం కోసం చేసినవి. మన మే నెల సంగతి తెలిసిందేగా! వేడెక్కితే మెషీన్ నెమ్మదిస్తుంది, కొన్ని వెలుగునూ తగ్గించేస్తాయి. బ్రైట్‌నెస్ పెంచితే బ్యాటరీ కూడా త్వరగా ఖాళీ. బయట ఉన్నంతసేపు డార్క్ మోడ్ తీసేసి, తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలు పెట్టుకుంటే చదవడం తేలిక. పోలరైజ్డ్ చలువకళ్లద్దాలు పెట్టుకుంటే కొన్ని తెరలు ఒక కోణంలో నల్లగా మాయమైపోతాయి. తెర పాడైందని కంగారు పడక్కర్లేదు, తల కాస్త పక్కకు వంచితే చాలు.

కొనేరోజు పగటిపూట, వీలైతే తెల్లచొక్కాతో వెళ్లాలి. డిస్‌ప్లేకు పెట్టిన ల్యాప్‌టాప్‌ను షాపు గుమ్మం దాకా తెచ్చి చూపమనాలి. ఛార్జర్ పీకేశాకే చూడాలి సుమా! బ్యాటరీ మీదకు మారగానే వెలుగు తగ్గించే మోడళ్లూ ఉన్నాయి.