మిథాలీ రాజ్ పెద్ద మ్యాచ్‌ల్లో ఆడలేదా? లెక్క తీద్దాం

వెనకాల హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి, ఈ ఎపిసోడ్ మారేడ్‌పల్లిలో షూట్ చేస్తున్నాం. కావాలనే వచ్చాం. మిథాలీ రాజ్ ఇంటర్ చదివిన కస్తూర్బా గాంధీ కాలేజీ ఇక్కడే, వెస్ట్ మారేడ్‌పల్లిలో.

2025 నవంబర్ 2న మన అమ్మాయిలు వరల్డ్ కప్ గెలిచారు కదా. ఆ రాత్రి గ్రౌండ్‌లోనే కప్పు మిథాలీ చేతికి కూడా ఇచ్చారు. అది చూసి కొందరు ఏడ్చేశారు. ఇంకొందరు పాత పాటే ఎత్తుకున్నారు: వన్డేల్లో 7805 పరుగులు ఉంటే ఉన్నాయి, నాకౌట్‌లో ఏం పీకింది అని.

సరే, లెక్క తీద్దాం. 2000 వరల్డ్ కప్‌లో మధ్యలోనే టైఫాయిడ్ వచ్చి పడిపోయింది, అది వదిలేయండి. వన్డే వరల్డ్ కప్ సెమీస్, ఫైనల్స్ అంటే ఆమె ఆడింది నాలుగే ఇన్నింగ్స్. 2005 సెమీస్‌లో న్యూజిలాండ్ మీద 91 నాటౌట్. ఫైనల్లో ఆస్ట్రేలియా మీద 6. 2017 సెమీస్‌లో 36, లార్డ్స్ ఫైనల్లో 17. మొత్తం 150, మూడుసార్లు అవుట్. సగటు ఎంత? సరిగ్గా 50. కెరీర్ సగటు 50.68!

ఆగండి, అప్పుడే ఫ్యాన్స్ పండగ చేసుకోవద్దు. ఆ 91 తీసేస్తే మిగిలేది మూడు ఇన్నింగ్స్‌లో 59. రెండు ఫైనల్స్‌లో కలిపి 23. ఫైనల్స్‌లో ఆడలేదు అంటే నేను కాదనను. 2017లో రనౌట్ అయితే ఇప్పటికీ చూడలేను. స్పైక్ ఇరుక్కుందని తర్వాత ఆమే చెప్పింది. కానీ అప్పుడు స్కోరు 43కి 2. అక్కడి నుంచి మనవాళ్లు 191కి 3 దాకా వెళ్లారు. కావాల్సింది ఇంకా 38 పరుగులే. 28 పరుగులకు ఏడు వికెట్లు పడ్డాయి, 9 పరుగులతో ఓడాం. ఆ ఓటమి మొత్తం ఆ ఒక్క రనౌట్ మీద ఎలా వేస్తారు?

ఇంకోటి. అసలు ఆ సెమీస్‌కి ఎలా వెళ్లాం? డెర్బీలో న్యూజిలాండ్‌తో చివరి లీగ్ మ్యాచ్, ఓడితే ఇంటికే. ఆ రోజు మిథాలీ 109 కొట్టింది. వాళ్లు 79కే ఆలౌట్. పేరుకి లీగ్ మ్యాచే గానీ, నా లెక్కలో అది నాకౌటే. 2022లో సౌతాఫ్రికాతో కూడా అదే పరిస్థితి, 68 కొట్టింది. చివరి బంతికి ఓడిపోయాం, ఆమె ఆఖరి ఇంటర్నేషనల్ మ్యాచ్ అదే అయింది.

అయితే ఫ్యాన్స్ వైపు కూడా ఒక అతి ఉంది. 2018 టీ20 వరల్డ్ కప్ సెమీస్. మిథాలీని పక్కన పెట్టారు, 112కే ఆలౌట్ అయ్యి ఇంగ్లండ్ చేతిలో ఓడాం. అప్పటి నుంచి ‘ఆమె ఉంటే గెలిచేవాళ్లం’ అంటూనే ఉన్నారు. అంతకుముందు కొట్టిన రెండు ఫిఫ్టీలు పాకిస్తాన్, ఐర్లాండ్ మీద. ఆమె లేకుండానే ఆస్ట్రేలియాను ఓడించాం కూడా. తీసేయడం నాకూ నచ్చలేదు. కానీ ఆడని మ్యాచ్‌లో పరుగులు ఎలా రాస్తాం భయ్యా?

చివరిగా ఒక నంబర్. 2025 ఫైనల్లో కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కొట్టింది 20. షెఫాలీ 87 చేసింది, దీప్తి 58 చేసి ఐదు వికెట్లు తీసింది, కప్పు వచ్చింది. ఆ 20 గురించి ఎవరైనా అడిగారా? 2017లో మిథాలీ కొట్టిన 17 గురించి మాత్రం ఇప్పటికీ అడుగుతున్నారు. తేడా మూడు పరుగులు.

మీ లెక్క వేరే ఉంటే స్కోర్‌కార్డుతో సహా కామెంట్‌లో పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా.