బడి ఫలితాలకు జవాబు చెప్పవలసింది ఎవరు?

ప్రభుత్వ పాఠశాలల సంస్కరణ చర్చకు వచ్చినప్పుడల్లా తరగతి గదులు, ప్రహరీ గోడలు, మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం వంటి వసతుల లెక్కే ముందుగా వినిపిస్తుంది. అవన్నీ పిల్లల హక్కులే కనుక వాటి ఖర్చును తప్పుపట్టవలసిన పనిలేదు. అయితే ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లవాడు రెండో తరగతి వాచకాన్ని తడబడకుండా చదవలేకపోతే, అందుకు ఏ స్థాయి అధికారి ఎవరికి సమాధానం చెప్పాలన్నది మన విధానాల్లో నేటికీ స్పష్టంగా లేదు. అప్పగించిన పని ఎంతవరకు నెరవేరిందో, ఆ పని ఎవరికోసం జరుగుతున్నదో వారి ముందే లెక్క చెప్పవలసిన బాధ్యతను జవాబుదారీతనం అంటారు.

ఈ విషయంలో అనేక దేశాల విద్యావేత్తలు ప్రస్తావించే ఒక పరిశోధన తెలుగు నేల మీదే జరిగింది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుల సహకారంతో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ తెలంగాణ, కోస్తా, రాయలసీమ ప్రాంతాల్లోని ఐదు జిల్లాల నుంచి 500 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, పరీక్షించదలచిన ఒక్కో విధానానికి వందేసి బడులను లాటరీ పద్ధతిలో కేటాయించి, ఏ మార్పూ చేయని మరో వంద బడులతో వాటిని పోల్చి చూశారు. బడుల ఎంపికలో మనుషుల ఇష్టాయిష్టాలకు తావులేదు కాబట్టి, తరువాత కనిపించిన తేడాను ఆ విధానానికే ఆపాదించడానికి వీలు కలిగింది.

కొన్ని బడులకు పుస్తకాలు, పలకలు, బోధన సామగ్రి కొనుక్కునేందుకు అదనంగా గ్రాంటు ఇచ్చారు. ముందుగా తెలియకుండా డబ్బు వచ్చిన మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి గానీ, గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు తెలిసిన రెండో ఏడాది వారు తమ సొంత ఖర్చును ఆ మేరకు తగ్గించుకోవడంతో ఆ లాభం నిలవలేదు. పేద కుటుంబం తనకున్న కొద్దిపాటి డబ్బును మరో అవసరానికి మళ్లించుకోవడంలో తప్పేమీ లేదు. ఆ కుటుంబాలు ఎలా స్పందిస్తాయో అంచనా వేయకుండా నిధుల మొత్తాన్నే ఫలితంగా చూపించే ప్రభుత్వ నివేదికలదే లోపం. ఇదే కృషిలో భాగంగా మరికొన్ని బడుల్లో ఏ పిల్లవాడు ఎక్కడ వెనుకబడ్డాడో వివరించే నివేదికలను ఉపాధ్యాయులకు అందజేశారు. పరిశీలకులు వచ్చినప్పుడు బోధన చురుగ్గా కనిపించింది తప్ప, మార్కుల్లో మెరుగుదల రాలేదు.

గణనీయమైన మార్పు ప్రోత్సాహక వేతనం ఇచ్చిన బడుల్లో కనిపించింది. విద్యార్థుల సగటు మార్కుల్లో పెరుగుదల ఐదు శాతాన్ని మించితే, ఆపైన ప్రతి ఒక శాతానికి 500 రూపాయల చొప్పున ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చారు. రెండేళ్లు గడిచేసరికి ఆ బడుల పిల్లల గణితంలో వచ్చిన మెరుగుదల ఎంతంటే, వందమందిని మార్కుల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే పిల్లవాడు దాదాపు పదిమందిని దాటి ముందుకు వెళ్లినంత; భాషలో పెరుగుదల అంతకన్నా కొంత తక్కువ. బోనస్‌తో సంబంధంలేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో సైతం ఆ పిల్లలు ముందే ఉన్నారు. ఉపాధ్యాయుల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. బడికి వచ్చిన రోజుల్లోనే వారు అదనపు తరగతులు తీసుకోవడం, ఇంటిపని ఇవ్వడం, అభ్యాస పరీక్షలు పెట్టడం ఎక్కువ చేశారు. పిల్లవాడు చేరిన స్థాయిని కాక, మొదలుపెట్టిన స్థాయి నుంచి అతని ఎదుగుదలను కొలవడమే ఈ పద్ధతిలోని న్యాయం. అలా కొలిచినప్పుడే, చదువురాని తల్లిదండ్రుల పిల్లలకు బోధించే ఉపాధ్యాయుని శ్రమకు తగిన గుర్తింపు దక్కుతుంది.

మార్కులకు డబ్బో శిక్షో ముడిపెట్టినప్పుడు ఆ మార్కులను నమ్మగలమా అన్న భయం సహేతుకమైనదే. ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ జరిపిన పరిశీలనలో, మధ్యప్రదేశ్ ప్రభుత్వం కాగితం మీద నిర్వహించిన పరీక్షల ఫలితాలు పిల్లల వాస్తవ స్థాయికన్నా బాగా ఎక్కువగా ఉన్నట్లు బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో ట్యాబ్‌ల మీద పరీక్ష పెట్టినప్పుడు ఈ వక్రీకరణ చాలావరకు తగ్గింది. అదే మధ్యప్రదేశ్‌లో బడులను తనిఖీచేసి, అభివృద్ధి ప్రణాళికలు రాయించిన మరో కార్యక్రమం కాగితాల మీద నిండుగా అమలైనా, పిల్లల చదువులో మార్పు తేలేదు. అయినా దానిని వేలాది బడులకు విస్తరించారన్న సంగతి, పర్యవేక్షణ ఎంత సులభంగా దస్త్రాల పనిగా మారిపోతుందో తెలుపుతుంది.

దస్త్రాలకు బదులు తల్లిదండ్రుల ముందే లెక్క చెప్పించే దారి చట్టంలోనే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలని నిర్దేశించింది. తమ బడి పిల్లల్లో ఎందరు చదవగలుగుతున్నారో, ఎందరు భాగహారం చేయగలుగుతున్నారో, నిరుటికీ ఇప్పటికీ ఎంత తేడా వచ్చిందో సరళమైన తెలుగులో, బయటివారు తనిఖీచేసిన లెక్కలతో ఆ సభ్యుల చేతికి అందితే తప్ప, ప్రధానోపాధ్యాయుణ్ణి గాని మండల విద్యాధికారిని గాని వారు అడగగలిగింది ఏమీ ఉండదు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడరాదన్న అదే చట్టంలోని నిబంధన అమలవుతున్నదో లేదో కూడా ఆ లెక్కల్లోనే ఉండాలి. ఎందుకంటే ఉపాధ్యాయునికి బోధించే సమయం మిగల్చవలసిన బాధ్యత ప్రభుత్వానిది.